పాట పనిచేసిందని ఎలా తేలుస్తారు?

2017 ఆగస్టులో ‘జామా’ అనే అమెరికా వైద్య పత్రికలో ఒక ట్రయల్ ఫలితం అచ్చయింది. దాని పేరు టైమ్-ఎ. ఆటిజం ఉన్న పిల్లలకు సంగీత చికిత్స మేలు చేస్తుందా అన్న ప్రశ్న మీద అప్పటిదాకా అంత పెద్ద పరీక్ష జరగలేదు. తొమ్మిది దేశాల నుంచి, నాలుగేళ్లు నిండి ఏడేళ్లు నిండని పిల్లలు 364 మందిని తీసుకున్నారు. లాటరీ వేసి సగం మందికి, అంటే 182 మందికి, మామూలుగా అందే వైద్యంతో పాటు ఐదు నెలలు సంగీత చికిత్స ఇచ్చారు. మిగిలిన 182 మందికి మామూలు వైద్యమే. తల్లిదండ్రులకు కౌన్సెలింగు మాత్రం రెండు వైపులా ఇచ్చారు.

ఐదు నెలల తర్వాత పిల్లల సామాజిక స్పందనను కొలిచారు. ఆ స్కోరు 0 నుంచి 27 దాకా ఉంటుంది, తగ్గితే మెరుగైనట్టు. సంగీతం అందిన పిల్లల సగటు 14.08 నుంచి 13.23కు దిగింది. అందని పిల్లల సగటు 13.49 నుంచి 12.58కి దిగింది. అంటే ఒక గుంపు 0.85 మెరుగైంది, రెండోది 0.91 మెరుగైంది. రెండింటికీ తేడా 0.06. గణాంకాల లెక్కలో ఇది తేడా కిందకే రాదు.

ఆ అంకె మొదటిసారి చదివినప్పుడు నాకు బాధ కలిగింది. సంగీత చికిత్స జరిగే గదిలో ఏం జరుగుతుందో వీడియోల్లో చూసినవాళ్లు ఎవరికైనా కలుగుతుంది. మాట రాని పిల్లవాడు, ఎవరి కళ్లలోకీ చూడని పిల్లవాడు, డ్రమ్ము మీద రెండు దెబ్బలు వేస్తాడు. పియానో దగ్గరున్న థెరపిస్టు అదే లయలో రెండు స్వరాలు పలికిస్తుంది. వాడు మూడు వేస్తే ఆమె మూడు పలికిస్తుంది. వాడు వేగం పెంచితే ఆమె వెంట పరుగెడుతుంది. ఉన్నట్టుండి వాక్యం మధ్యలో ఆగిపోయినట్టు ఆమె ఆగుతుంది. వాడు తల ఎత్తి చూస్తాడు. అంతే, ఒక్క చూపు. పక్క గదిలోంచి అద్దం వెనక నిలబడి చూస్తున్న తల్లికి ఆ చూపు ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు.

తల్లి చూసింది అబద్ధం కాదు. 0.06 కూడా అబద్ధం కాదు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థం చేసుకోవాలంటే ఈ రంగంలో పరిశోధన ఎలా చేస్తారో, అది ఎక్కడెక్కడ చిక్కుపడుతుందో లోపలికి వెళ్లి చూడాలి. చాలామంది ఇక్కడే విసుగుపడి ‘సంగీతానికి శక్తి ఉంది’ అనో, ‘అంతా భ్రమ’ అనో తేల్చేసి వెళ్లిపోతారు. నాకు ఆ రెండు మాటలూ నచ్చవు.

ముందు ఒక చిన్న విభజన. ఆపరేషన్‌కు ముందు రోగికి హెడ్‌ఫోన్లు పెట్టి పాటలు వినిపిస్తే దాన్ని పరిశోధకులు సంగీత వైద్యం అంటారు. అక్కడ పనిచేసేది రికార్డు. శిక్షణ పొందిన థెరపిస్టు రోగితో కలిసి పాడుతూ, వాయిస్తూ, అతని స్పందనను బట్టి తన సంగీతాన్ని మార్చుకుంటూ పోతే అది సంగీత చికిత్స. అక్కడ పనిచేసేది సంగీతమూ, ఇద్దరి మధ్య పెరిగే బంధమూ కలిసి. నేను పైన చెప్పిన డ్రమ్ము, పియానో పద్ధతికి మూలపురుషులు అమెరికా స్వరకర్త పాల్ నోర్డాఫ్, ఇంగ్లండుకు చెందిన ప్రత్యేక విద్యా ఉపాధ్యాయుడు క్లైవ్ రాబిన్స్. 1950ల చివర్లో వాళ్లిద్దరూ కలిసి మొదలుపెట్టారు. పరిశోధన ఫలితాలు చదివేటప్పుడు ఈ రెండింటినీ కలిపేస్తే లెక్క తప్పుతుంది. ఒక ప్రశ్న మీద జరిగిన ట్రయల్స్ అన్నిటినీ ఒకచోట చేర్చి తూచే నివేదికలను కాక్రేన్ సమీక్షలంటారు. క్యాన్సర్ రోగుల మీద 2021లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో 81 ట్రయల్స్ ఉన్నాయి. వాటిలో 38 సంగీత చికిత్సవి, 43 సంగీత వైద్యానివి. ‘క్యాన్సర్ రోగులకు సంగీతంతో ఆందోళన తగ్గింది’ అని పేపర్లో చదివితే అందులో సగానికి పైగా హెడ్‌ఫోన్ల కథ అన్నమాట.

మందును పరీక్షించే పద్ధతి మనలో చాలామందికి కొంత తెలుసు. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అదే రంగు, అదే రుచి ఉన్న ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది వెళ్లిందో రోగికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. ‘మందు వేసుకున్నాను కాబట్టి తగ్గుతుంది’ అన్న ఆశ రెండు వైపులా సమానంగా పనిచేస్తుంది. ఆ ఆశను తీసేశాక మిగిలిన తేడా మందుది.

పాట దగ్గర ఇది కుదరదు. ఉత్తుత్తి పాట అంటూ ఉండదు. పాట విన్నవాడికి తాను విన్నానని తెలుసు, పాడినవాడికి తాను పాడానని తెలుసు. కాబట్టి రోగికి గానీ థెరపిస్టుకు గానీ కళ్లకు గంతలు కట్టలేం. కట్టగలిగేది ఒక్కరికే, చివర్లో కొలిచే మనిషికి. టైమ్-ఎలో చేసింది అదే. పిల్లలను పరీక్షించి స్కోరు వేసినవాళ్లకు ఏ పిల్లవాడు సంగీతం గుంపులోవాడో చెప్పలేదు. ఇది చాలా పెద్ద సంగతి. ఐదు నెలలు కష్టపడి పిల్లవాణ్ణి చికిత్సకు తిప్పిన తల్లిదండ్రులను ‘మెరుగుపడ్డాడా?’ అని అడిగితే అవునని అనడం మానవ సహజం. ఆ ప్రేమ కొలతలోకి చొరబడుతుంది. దాన్ని తప్పుపట్టలేం, లెక్కలో కలపనూలేం.

గంతల సమస్య కన్నా పెద్దది ఇంకొకటి ఉంది. దేనితో పోల్చాలి?

ఇదే ఈ రంగానికి గుండెకాయ అని నా నమ్మకం. ఏ సంగీత పరిశోధన చదివినా నేను ముందు వెతికేది పోలిక గుంపు ఏం చేసిందన్నదే. దీనికి మంచి పాఠం చెప్పింది పాశ్చాత్య స్వరకర్త మోజార్ట్ పేరుతో నడిచిన ఉదంతం. 1993లో ‘నేచర్’ పత్రికలో ఒక పేజీ వ్యాసం వచ్చింది. 36 మంది కాలేజీ విద్యార్థులు పది నిమిషాలు మోజార్ట్ సొనాటా విన్నాక, ఆకారాలను మనసులో మడిచి చూసే రకం పరీక్షలో మెరుగ్గా చేశారు. ఆ మెరుగు పది పదిహేను నిమిషాలకు మించి నిలవలేదని వ్యాసంలోనే ఉంది. అయినా అది ‘మోజార్ట్ వింటే పిల్లలు తెలివిగలవాళ్లవుతారు’గా మారిపోయింది. 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం రికార్డు ఇవ్వడానికి బడ్జెట్లో డబ్బు అడిగారు.

అసలు ప్రయోగంలో మోజార్ట్‌ను పోల్చింది దేనితో? ఊరికే కూర్చోవడంతో, విశ్రాంతి తీసుకోమని చెప్పే టేపుతో. పది నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చుంటే ఎవరికైనా మగత వస్తుంది. 1999లో కెనడా పరిశోధకులు నాంటే, షెలెన్‌బర్గ్ పోలికను మార్చి చూశారు. నిశ్శబ్దం బదులు ఒక కథ వినిపించారు. అప్పుడు మోజార్ట్ గొప్పతనం మాయమైంది. కథ నచ్చినవాళ్లు కథ విన్నాక బాగా చేశారు, సంగీతం నచ్చినవాళ్లు సంగీతం విన్నాక బాగా చేశారు. అంటే మొదట్లో కనిపించిన తేడా మనసుకు నచ్చింది విన్న ఉత్సాహానిది. మోజార్ట్ స్వరాల్లో ప్రత్యేకంగా ఏదీ లేదు. పోలికకు నిశ్శబ్దాన్ని ఎంచుకోవడం వల్ల ఇంత కథ నడిచింది.

ఇదే పాఠాన్ని ముందే ఒంటబట్టించుకున్న ప్రయోగం ఒకటి ఫిన్లండులో జరిగింది. నాకు చాలా ఇష్టమైన ప్రయోగం. 2008లో తెప్పో సార్కామో బృందం ఫలితాలు ప్రకటించింది. పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో చేరిన 60 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు రోజూ కనీసం గంటసేపు తమకు నచ్చిన పాటలు వినాలి. రెండో గుంపు రోజూ గంట ఆడియో పుస్తకాలు వినాలి. మూడో గుంపుకు మామూలు వైద్యం. ఇలా రెండు నెలలు. ఆ ఆడియో పుస్తకాల గుంపే ఈ ప్రయోగానికి ప్రాణం. మంచం మీద పడి ఉన్న మనిషికి రోజూ గంట కాలక్షేపం దొరకడం, ఎవరో వచ్చి ప్లేయరు అందించి పలకరించి వెళ్లడం, ఇవన్నీ పుస్తకాల గుంపుకూ అందాయి. ఒక్క సంగీతమే అందలేదు. విన్న మాటలు గుర్తుపెట్టుకోవడం, ధ్యాస నిలపడం అనే రెండు విషయాల్లో సంగీతం గుంపు మిగతా రెండు గుంపులకన్నా బాగా కోలుకుంది. దిగులు విషయంలో మాత్రం సంగీతం గుంపు మామూలు వైద్యం గుంపుకన్నా మెరుగ్గా ఉన్నా, పుస్తకాల గుంపును స్పష్టంగా దాటలేకపోయింది. దిగులు తగ్గడానికి ఏదో ఒకటి వినడమే చాలేమో, జ్ఞాపకం దగ్గర మాత్రం సంగీతానికి తనదైన పని ఏదో ఉందేమో అని మనం ఇప్పుడు ఊహించగలం. పోలికకు మూడో గుంపు ఒక్కటే ఉంటే ఈ విడదీత సాధ్యమయ్యేది కాదు.

పిల్లల దగ్గర ఇలాంటి పోలిక దక్షిణ కొరియాలో జీనా కిమ్ చేసింది. అదే పిల్లలకు కొన్ని వారాలు సంగీత చికిత్స, కొన్ని వారాలు థెరపిస్టుతో బొమ్మలాట. కొందరికి ముందు సంగీతం, కొందరికి ముందు బొమ్మలు. పక్కన ఒక మనిషి తోడు, ఆ మనిషి ధ్యాస రెండింటిలోనూ ఉన్నాయి. తేడా డ్రమ్ముకూ బొమ్మకూ మధ్యే. రెండు దశలూ పూర్తిచేసిన పిల్లలు పదిమందే. ఆ పదిమందిలో, థెరపిస్టుతో కలిసి ఒకే విషయం మీద చూపు నిలపడం సంగీతం సెషన్లలో ఎక్కువగా కనిపించింది. పదిమంది చాలా తక్కువ. కానీ పోలిక శుభ్రంగా ఉంది. పెద్ద ట్రయల్స్‌లో ఇంత శుభ్రమైన పోలిక దొరకడం అరుదు, ఎందుకంటే బొమ్మలాటకు కూడా అంతే ఖర్చవుతుంది.

ఇప్పుడు మళ్లీ టైమ్-ఎ దగ్గరికి వద్దాం. ఆ 0.06 వెనక ఏముందో విప్పి చూస్తే నాలుగైదు పోగులు కనిపిస్తాయి.

మొదటిది కొలిచిన పరికరం. అక్కడ వాడిన ఆడోస్ పరీక్ష ఆటిజం ఉందా లేదా అని నిర్ధారించడానికి తయారుచేసినది. పిల్లవాడు ఐదు నెలల్లో ఎంత మారాడో పట్టుకోవడానికి తయారైంది కాదు. బియ్యం బస్తాలు తూచే కాటా మీద బంగారం పెట్టినట్టు అన్నారు కొందరు విమర్శకులు, వాళ్ల మాటను నా పోలికలో చెబితే. ఇందులో న్యాయం ఉంది. అయితే ఆ కాటాను పరిశోధకులే ఎంచుకున్నారు, ముందే ప్రకటించి మరీ ఎంచుకున్నారు. ఫలితం వచ్చాక కాటాను తప్పుపట్టడం తేలిక. ఫలితం అనుకూలంగా వచ్చి ఉంటే ఇదే కాటాను ఎంత మెచ్చుకునేవాళ్లమో కూడా నిజాయితీగా ఆలోచించుకోవాలి.

రెండోది మోతాదు. సంగీతం గుంపులో 90 మందికి వారానికి మూడు సెషన్లు, 92 మందికి వారానికి ఒకటి అని నిర్ణయించారు. ఐదు నెలల్లో ఆ గుంపులో నడిమధ్యన ఉన్న పిల్లవాడికి అందినవి 19 సెషన్లు. అదే సమయంలో సంగీతం గుంపు పిల్లలకు ఇతర చికిత్సలు 36 సెషన్లు అందితే, పోలిక గుంపుకు 45 అందాయి. సంగీతం లేనివాళ్లు ఖాళీగా కూర్చోలేదన్నమాట. ‘సంగీతం పనిచేస్తుందా?’ అన్న ప్రశ్న ఆచరణలో ‘అప్పటికే ఇన్ని చికిత్సలు అందుతున్న పిల్లవాడికి వాటిపైన ఇంకొంత సంగీతం కలిపితే ఈ ఒక్క స్కోరులో అదనపు మార్పు వస్తుందా?’ అన్న ప్రశ్నగా మారింది. రెండూ వేరువేరు ప్రశ్నలు. జవాబు వచ్చింది రెండోదానికి.

మూడోది, రెండు గుంపులూ మెరుగుపడ్డాయి. ఐదేళ్ల పిల్లలు ఐదు నెలల్లో ఎదుగుతారు. పోలిక గుంపే లేకపోయి ఉంటే 14.08 నుంచి 13.23కు దిగిందని చూపించి ‘సంగీతం పనిచేసింది’ అని రాసేవాళ్లు. ‘ముందు, తర్వాత’ అంటూ రెండు అంకెలు మాత్రమే చూపించే ఏ ప్రకటన దగ్గరైనా నాకు ఇది గుర్తుకొస్తుంది.

నాలుగోది కొంచెం నిదానంగా చదవాల్సినది. ప్రధాన స్కోరుతో పాటు ఇంకో 20 విషయాలు కొలిచారు. వాటిలో 17 దగ్గర తేడా రాలేదు. మూడు చోట్ల వచ్చింది. ఆ మూడింటినే పట్టుకుని ‘చూశారా’ అనవచ్చా? పరిశోధనలో ఆనవాయితీగా వాడే హద్దు నూటికి ఐదు. అంటే అసలు ఏ ప్రభావమూ లేకపోయినా ప్రతి ఇరవై కొలతల్లో సుమారు ఒకటి కేవలం యాదృచ్ఛికంగా ‘తేడా ఉంది’ అని పలుకుతుంది. ఇరవై చీటీలు తీస్తే ఒకటి రెండు మనకు నచ్చినవి రావడం వింత కాదు. అందుకే ఏది ప్రధానమో లాటరీ వేయకముందే రాసి పెట్టాలి, నలుగురికీ కనిపించేలా నమోదు చేయాలి. మన దేశంలోనూ ఇందుకు భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007 నుంచి ఉంది. ఎవరైనా ఉచితంగా వెతికి చూడవచ్చు. ‘మా పరిశోధనలో రుజువైంది’ అని ఎవరైనా అంటే, ముందుగా ఏం కొలుస్తామని నమోదు చేశారో చూడటం పాఠకుడిగా మన హక్కు.

మరి అంతకుముందు వచ్చిన చిన్న అధ్యయనాలన్నీ ఎందుకు సానుకూలంగా ఉన్నాయి? 2014 కాక్రేన్ సమీక్షలో ఆటిజం మీద 10 అధ్యయనాలున్నాయి, అన్నీ కలిపితే పిల్లలు 165 మంది. సామాజిక స్పందన, మాట, చొరవ మెరుగైనట్టు ఆ సమీక్ష చెప్పింది. చిన్న అధ్యయనాల్లో రెండు ప్రమాదాలుంటాయి. ఫలితం బాగా వచ్చినవి అచ్చుకు వెళతాయి, రానివి బీరువాలో మిగిలిపోతాయి. ఇంకోటి, వాటిలో కొన్ని చికిత్స జరిగే గదిలోనే, చికిత్స జరుగుతుండగానే కొలిచాయి. టైమ్-ఎ కొలిచింది గది బయట, కొత్త మనిషి ముందు, కొత్త పనుల మధ్య. గదిలో థెరపిస్టు కళ్లలోకి చూసిన పిల్లవాడు బళ్లో టీచరు కళ్లలోకి చూస్తాడా? అద్దం వెనక తల్లి చూసింది మొదటిదాన్ని. 0.06 చెప్పింది రెండోదాన్ని గురించి.

2022లో కాక్రేన్ సమీక్షను తిరగరాశారు. అధ్యయనాలు 26 అయ్యాయి, మనుషులు 1,165 మంది. టైమ్-ఎ కూడా అందులో కలిసింది. చికిత్స ముగిసిన వెంటనే సామాజిక స్పందనలో, మాటలో స్పష్టమైన తేడా కనిపించలేదు. కానీ మొత్తం మీద మెరుగుపడ్డారన్న అంచనా, జీవన నాణ్యత, ఆటిజం లక్షణాల మొత్తం తీవ్రత, ఈ మూడింటిలో సంగీతం వైపు కొంత మొగ్గు కనిపించింది. ఎనిమిదేళ్లలో జవాబు మారింది. దీన్ని చూసి కొందరు ‘శాస్త్రం మాట మారుస్తుంది’ అంటారు. నాకైతే ఇది మాట నిలబెట్టుకోవడంలాగే కనిపిస్తుంది. కొత్త లెక్క వస్తే పాత జవాబు దిద్దుతామన్నదే కదా అది ఇచ్చిన మాట.

టైమ్-ఎ కథలో ఇంకో మలుపు ఉంది. సగటు అంకె గుంపు గురించి చెబుతుంది, గుంపు లోపల ఏం జరిగిందో చెప్పదు. కారిన్ మోస్లర్ బృందం అదే ట్రయల్‌లోని 48 మంది పిల్లల సెషన్ వీడియోలు ముందు పెట్టుకుని చూసింది. థెరపిస్టు పిల్లవాడి స్థాయికి దిగి, వాడి భావానికి, లయకు తన సంగీతాన్ని ఎంత దగ్గరగా జతచేసింది అన్నది ఒక ప్రామాణిక పద్ధతిలో కొలిచారు. బంధం బాగా కుదిరిన చోట పిల్లల సామాజిక నైపుణ్యాలు ఐదు నెలలకూ, పన్నెండు నెలలకూ ఎక్కువ మెరుగైనట్టు 2019లో రాశారు. ఇక్కడా తొందరపడకూడదు. బంధం కుదరడం వల్ల పిల్లవాడు మెరుగయ్యాడా, మెరుగయ్యే స్వభావం ఉన్న పిల్లవాడితో బంధం తేలిగ్గా కుదిరిందా అన్నది ఈ పద్ధతి తేల్చలేదు. బంధం కుదరడం, కుదరకపోవడం లాటరీ వేసి పంచలేం కదా. అయినా ‘సంగీతం ఇచ్చారు’ అన్న రెండు మాటల కింద ఎన్ని రకాల గంటలు దాగి ఉంటాయో ఇది చూపించింది.

అన్ని చోట్లా ఇంత చిక్కు ఉండదు. నడక తడబడే పార్కిన్సన్స్ జబ్బు ఉన్న రోగుల నడక తీసుకోండి. 1990లలో అమెరికాలో మైకేల్ థాట్ బృందం స్థిరమైన లయ వినిపిస్తూ మూడు వారాలు ఇంటి దగ్గర నడక సాధన చేయించింది. లయతో నడిచినవాళ్లు 15 మంది, లయ లేకుండా అంతే సాధన చేసినవాళ్లు 11 మంది, ఏ సాధనా లేనివాళ్లు 11 మంది. లయ గుంపు నడక వేగం 25 శాతం పెరిగింది. నడక వేగాన్ని గడియారమే చెబుతుంది, తల్లి ప్రేమా పరిశోధకుడి ఆశా అందులోకి చొరబడటం కష్టం. గుంపులు చిన్నవే అయినా ప్రశ్న, పోలిక, కొలత ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి.

ఇక రెండో కొసన అసలు అంకెలకే లొంగని ప్రశ్నలున్నాయి. చివరి రోజుల్లో ఉన్న రోగి మంచం పక్కన అతని చిన్ననాటి పాట పాడితే అతనికి, పక్కనున్న భార్యకు ఆ అరగంట ఏమైంది? దీనికి స్కోరు వేయడం మొదలుపెడితేనే ప్రశ్న చచ్చిపోతుంది. ఇక్కడ ఇంటర్వ్యూలు, డైరీలు, సెషన్‌ను నిమిషాల వారీగా, కొన్నిసార్లు సెకన్ల వారీగా విప్పి చూసే వీడియో విశ్లేషణ పనికొస్తాయి. ఇవి ఊసుపోక కబుర్లని కొట్టిపారేసే డాక్టర్లను చూశాను. అది అన్యాయం. మంచి గుణాత్మక పరిశోధనలో ఇంటర్వ్యూను మాట పొల్లుపోకుండా రాసుకుంటారు. ఇద్దరు విడివిడిగా చదివి అర్థాలు గుర్తిస్తారు, తేడా వస్తే వాదించుకుంటారు. తమ అభిప్రాయానికి ఎదురు నిలిచే మాటల కోసం పనిగట్టుకుని వెతుకుతారు. రాసింది మళ్లీ ఆ మనిషికే చూపించి ‘నీ మాట ఇదేనా?’ అని అడుగుతారు. అది ‘ఎంత’ అన్నది చెప్పలేదు. కానీ ఏం కొలవాలో ట్రయల్స్ చేసేవాళ్లకు నేర్పేది అదే.

ఇదంతా మన ఇంటి గుమ్మం దగ్గరికి తీసుకొస్తాను. తెలుగువాళ్ల ఫోన్లలో ‘ఈ రాగం వింటే బీపీ తగ్గుతుంది, ఆ రాగం వింటే నిద్ర పడుతుంది’ అన్న జాబితాలు తిరుగుతూ ఉంటాయి. బీపీకి ఎక్కువగా వినిపించే పేరు ఆనందభైరవి. త్యాగరాజస్వామి బిలహరి పాడి చనిపోయిన మనిషికి ప్రాణం పోశారన్న కథ మన పెద్దలు చెప్పగా విన్నాం. ‘శిశుర్వేత్తి పశుర్వేత్తి వేత్తి గానరసం ఫణిః’ అన్న మాట మన నాలుక మీదే ఉంటుంది. ఈ వారసత్వం మీద నాకు గౌరవం ఉంది. గౌరవం ఉంది కాబట్టే దాన్ని సరిగ్గా పరీక్షించాలని నా కోరిక.

మామూలుగా చేసేది ఇలా ఉంటుంది. బీపీ ఎక్కువ ఉన్న నలభై మందిని పిలుస్తారు, కొలుస్తారు, ఇరవై నిమిషాలు ఆనందభైరవి వినిపిస్తారు, మళ్లీ కొలుస్తారు. తగ్గుతుంది. తప్పకుండా తగ్గుతుంది, ఏం వినిపించకపోయినా తగ్గుతుంది. బస్సు దిగి, మెట్లెక్కి వచ్చిన మనిషి ఇరవై నిమిషాలు కుర్చీలో కూర్చుంటే బీపీ దిగుతుంది. అందుకే డాక్టర్లు కొలిచే ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టమంటారు. దీనికి తోడు బీపీ రోజూ ఎగుడుదిగుడుగా ఉంటుంది. అంకె ఎక్కువ వచ్చిన రోజే మనం కంగారుపడి ఏదో ఒకటి మొదలుపెడతాం. బాగా ఎక్కువ వచ్చిన అంకె తర్వాతి కొలతలో తనంతట తానే సగటు వైపు జారుతుంది. ఆ జారుడు ఘనత ఆ రోజు ఏం మొదలుపెడితే దాని ఖాతాలో పడుతుంది, రాగమైనా, మెంతులైనా.

సరిగ్గా చేయాలంటే ముందు రాగాన్ని తక్కిన వాటి నుంచి విడదీయాలి. కచేరీలో విన్న కృతిలో రాగం ఒక్కటే ఉండదు. సాహిత్యం ఉంటుంది, దాని వెంట భక్తి ఉంటుంది, అమ్మ పాడిన జ్ఞాపకం ఉంటుంది, గాయకుడి గొంతు ఉంటుంది, కాలప్రమాణం అంటే వేగం ఉంటుంది. కాబట్టి సాహిత్యం లేకుండా వీణ మీద వాయించాలి. వాయించేవాళ్లు ఒకరే, శ్రుతి ఒకటే, నిడివి ఒకటే. ఆనందభైరవి చౌకకాలంలో, అంటే నిదానంగా, ఒక రికార్డు, అదే వేగంలో ఇంకో రాగం ఒక రికార్డు, ఆనందభైరవే వేగం పెంచి ఒక రికార్డు, ఉట్టి తంబూరా శ్రుతి ఒక రికార్డు. ప్రతి మనిషీ వేరువేరు రోజుల్లో నాలుగూ వినాలి, ఏది ముందో లాటరీ చెప్పాలి. కొలిచే నర్సుకు ఏ రోజు ఏది మోగిందో తెలియకూడదు. ఎవరికి కర్ణాటక సంగీతం ఇష్టమో, ఎవరికి సినిమా పాటలే ప్రాణమో ముందే అడిగి రాసుకోవాలి. ఈలోగా ఎవరూ తమ బీపీ మాత్రలు ఆపకూడదు.

నివేదికలో ‘శాస్త్రీయ సంగీతం వినిపించాం’ అని రాసి వదిలేస్తే సరిపోదు. ‘రోగికి ఒక మాత్ర ఇచ్చాం’ అన్నట్టే ఉంటుంది. అమెరికాలో షెరీ రాబ్, ఆమె సహచరులు 2011లో ఇలాంటి పరిశోధనలు ఎలా రాయాలో మార్గదర్శకాలు ఇచ్చారు. ఏ సంగీతం, ఎందుకు ఎంచుకున్నారు, ఎవరు ఇచ్చారు, ఎన్నిసార్లు, ఎక్కడ, ఒక్కరికా గుంపుకా, అనుకున్నట్టే ఇచ్చారో లేదో ఎలా సరిచూశారు, ఇవన్నీ రాయాలన్నారు. రాగం విషయంలో ఇంకా వివరంగా రాయగలం. స్వరం, గమకం, కాలం, అన్నిటికీ మన దగ్గర తరాల నుంచి పేర్లున్నాయి. పాశ్చాత్య పరిశోధకులు ‘ప్రశాంతమైన సంగీతం’ అని సరిపెట్టుకునే చోట మనం ఎంతో కచ్చితంగా మాట్లాడగలం.

వేగం పెంచిన రికార్డు ఎందుకు కావాలో చెప్పాలి. 2006లో ఇటలీలోని పవియా నుంచి లుచానో బెర్నార్డి, ఆక్స్‌ఫర్డ్ హృద్రోగ నిపుణుడు పీటర్ స్లైట్ తదితరులు ‘హార్ట్’ పత్రికలో ఒక పరిశోధన ప్రకటించారు. 12 మంది సంగీతకారులు, 12 మంది సంగీతం నేర్వనివాళ్లు. ఆరు రకాల సంగీతం వినిపించారు, అందులో మన హిందుస్తానీ రాగం ఒకటి, టెక్నో, ర్యాప్ కూడా ఉన్నాయి. వరుసను లాటరీతో మార్చారు. గుండె వేగం, రక్తపోటు, ఊపిరి ప్రధానంగా సంగీతం వేగాన్ని బట్టే మారాయి. వేగం పెరిగితే అవీ పెరిగాయి. శైలికి విడిగా కనిపించిన ప్రభావం చాలా కొద్ది. రాగమా, కాలప్రమాణమా అని విడదీయకుండా ఆనందభైరవికి మార్కులు వేయలేమని నేను అనడానికి కారణం ఇదే.

ఆ ప్రయోగంలో వాళ్లు ఇంకో పని చేశారు. సంగీతం మధ్యలో ఎక్కడో ఒకచోట, లాటరీ చెప్పిన చోట, రెండు నిమిషాల మౌనం పెట్టారు. గుండె వేగం, రక్తపోటు అన్నిటికన్నా ఎక్కువ దిగింది అక్కడే, పాటలేవీ మొదలుకాక ముందు కొలిచిన స్థాయికన్నా కిందకు. అందుకని నా ప్రయోగంలో ఐదో రికార్డు కూడా ఒకటి ఉండాలి. చౌకకాలంలో వీణ మోగుతూ ఉండగా మధ్యలో ఆగిపోవాలి, రెండు నిమిషాలు ఏమీ వినిపించకూడదు, ఆ తర్వాత ఆపిన చోటి నుంచే అందుకోవాలి.